వానకి షిఫ్టు లేదు

వానని ప్రేమించడం చాలా సులువు, కిటికీ పక్కన కుర్చీ, చేతిలో కాఫీ గ్లాసు, వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల వాసన వుంటే! మన సినిమాల్లో, మన నవలల్లో (నా నవలలతో సహా లెండి) వాన పడగానే నాయిక చేతులు చాచి వాకిట్లోకి పరుగెత్తుతుంది. ఏ నాయికా దండెం మీది బట్టలకోసం పరుగెత్తగా నేను చూడలేదు. మనం మాత్రం ముందు బట్టలకోసం, తర్వాత డాబామీది వడియాలకోసం పరుగెత్తుతాం. మా గోదావరిఖనిలో మూడో పరుగు ఒకటుంది. అది గోడ గడియారం దగ్గరికి.

"మొగులైంది గదమ్మా, మీ సారుది ఏ షిఫ్టు?" అని అడుగుతుంది పక్కింటావిడ గోడ మీదుగా. మరో ఊళ్లో అయితే "మీ ఇంట్లో ఏం కూర?" అన్నట్టుగా వుంటుంది ఆ ప్రశ్న. మొదటి షిఫ్టయితే మూడింటికి వచ్చేస్తారు, రెండో షిఫ్టయితే రాత్రి పదకొండు దాటాలి. రాత్రి షిఫ్టయితే సరేసరి. వానకి షిఫ్టంటూ లేదు కదా, ఎప్పుడైనా వచ్చేస్తుంది!

నేను పుట్టింది కరీంనగర్ దగ్గర పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. ఆకాశం నల్లబడితే మా నాన్న రెండు చేతులూ జోడించేవాడు. 2002లో పెళ్ళయి యీ బొగ్గుబాయిల ఊరికొచ్చాక చూస్తే అదే మబ్బుకి ఇక్కడి ఆడవాళ్ళు కనుబొమలు ముడుస్తున్నారు. ముప్ఫయి కోసుల దూరం కూడా లేని రెండు ఊళ్లకి వాన రెండు రకాలుగా అర్థమవుతుందని నాకప్పుడే తెలిసింది.

మా రామగుండం ఎండ గురించి నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. వేసవిలో వార్తలు వినే వాళ్ళందరికీ మా ఊరి పేరు కంఠస్థమే. పగలంతా నేల పెనంలా కాలుతుంది. ఆ వేడిగాలి తేమను వెంటబెట్టుకుని నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పైన చల్లబడి గోపురంలాంటి మబ్బు కడుతుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి దుమ్ము లేచి, తలుపులు టపటపా కొట్టుకుని, గాలిదుమారం. ఆ వెనకే ఉరుములు, ఒక్కోసారి రాళ్ళవాన. మా ఊళ్లో దుమ్మంటే మామూలు ఎర్ర దుమ్ము కాదు సుమా, నల్లది కూడా. తెల్లచీరలు మా అటకమీదే వుంటాయి.

ఉరిమినప్పుడు అర్జునుడి పది పేర్లూ తలుచుకోమని మా నాయనమ్మ చెప్పేది. నేను బి.ఏ. చదివి ఆ మాట కొట్టిపారేశాననుకుంటున్నారేమో, లేదు. దాన్నే గడియారంగా వాడుకుంటున్నాను. మెరుపు కంటికి వెంటనే కనిపిస్తుంది, ఉరుము మాత్రం కిలోమీటరు నడిచి రావడానికి సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది. పది పేర్లూ తీరిగ్గా పలకడానికి నాకు ఏడు సెకన్లు పడుతుంది. మెరిశాక పేర్లు నాలుగుసార్లు తిప్పేలోగా ఉరుము వినబడితే, పిడుగు పది కిలోమీటర్ల లోపలే వుందన్నమాట. వడియాలు పోతే పోయాయి, గబగబా లోపలికొచ్చేయడమే. చెట్టుకింద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వెళ్ళకూడదు. ఇప్పుడు పుణేలోని ఉష్ణదేశ వాతావరణ పరిశోధన సంస్థవారి 'దామిని' అనే యాప్ ఫోన్లోనే చెప్పేస్తుంది, చుట్టుపక్కల ఇరవై, నలభై కిలోమీటర్లలో ఎక్కడ పిడుగులు పడుతున్నాయో. మా నాయనమ్మ వుంటే రెండూ వాడేది.

పిడుగు సరే, వరద మాటేమిటి? ఎండిన నేలకి దాహం ఎక్కువ కనక ఎంత వానయినా తాగేస్తుందనుకుంటాం. కాని బాగా ఎండి గట్టిపడ్డ నేల, ఒక్కసారిగా కుమ్మరిస్తే తాగలేదు. ఆకలితో వున్న పసిపిల్ల నోట్లో గ్లాసుడు పాలు ఒకేసారి పోసినట్టు, అంతా పక్కలకి కారిపోతుంది. 2006 ఆగస్టులో రాజస్థాన్ ఎడారిలోని బాడ్‌మేర్ జిల్లాలో జరిగింది అదే. ఏడాదంతా కురవాల్సిన దానికంటే ఎక్కువ వాన రెండు మూడు రోజుల్లో కురిసింది. కవాస్ అనే ఊరు మునిగింది. అక్కడ ఇసుక కింద జిప్సం పొర వుండటంతో నీరు ఇంకలేదు, వారాల తరబడి అలాగే నిలిచిపోయింది. ఒంటెలు తిరిగే చోట పడవలు తిరిగాయి!

ఎడారి దాకా ఎందుకు? 2022 జూలైలో మా పైనున్న కడెం ప్రాజెక్టుకి పద్ధెనిమిది గేట్లలో ఒకటి మొరాయించింది. మిగతా పదిహేడూ ఎత్తినా నీళ్ళు కట్ట పైనుంచే దూకాయి. ఆ నీరంతా గోదావరిలో కలిసింది. మాకు అవతలి ఒడ్డునున్న మంచిర్యాలలో ఏటి పక్కనే కట్టిన మాతాశిశు ఆస్పత్రి నుంచి గర్భిణులను, బాలింతలను వేరే చోటికి తరలించాల్సి వచ్చింది. పురిటి నొప్పులతో వున్న ఆడది, కింద నీళ్ళు! మళ్ళీ ఏడాదే, 2023 జూలై 27న, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజు లెక్కలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన. అదే రోజు, మరో బొగ్గుగనుల ఊరు భూపాలపల్లికి దగ్గర్లోని మోరంచపల్లిని వాగు తెల్లవారుజామునే ముంచేసింది. జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరు కొట్టుకుపోయారు. అప్పటిదాకా పిల్లలు మోకాటిలోతు నీళ్ళలో ఆడుకున్న వాగే అది.

అయితే మా భయం ఇంకో అంతస్తు కిందిది. ఓపెన్‌కాస్టులో వాన పడితే గుంత చెరువవుతుంది, లారీలు ఆగిపోతాయి, పంపులు పెట్టి తోడతారు. నష్టమే గాని కళ్ళముందు కనిపించే నష్టం. భూగర్భ గనిలో అలా కాదు. లోపలున్నవాళ్ళకి ఉరుము వినబడదు, మెరుపు కనబడదు. పైన ఊరంతా తడిసి ముద్దవుతున్నా వాళ్ళకి అదే చీకటి, అదే టోపీ దీపం. వాన వచ్చిన సంగతి మాకు ముందు తెలుస్తుంది, వాళ్ళకి తర్వాత. అందుకే మేము గడియారం చూసేది.

మావారు సర్వే సెక్షన్‌లో పనిచేస్తారు, గని మ్యాపులు గీసే పని. ఆయన ద్వారా కొన్ని లెక్కలు నాకూ ఒంటబట్టాయి. గని నోరు, ఆ చోట ఇంతకుముందు వరద ఎంత ఎత్తుకి వచ్చిందో దానికి కనీసం మీటరున్నర పైన వుండాలి. పాత, వదిలేసిన పనులకి అరవై మీటర్ల దగ్గరికి వస్తే అనుమతి లేకుండా ముందుకి తవ్వకూడదు. మొదటిది పైనుంచి వచ్చే నీటికి, రెండోది లోపల దాక్కున్న నీటికి. రెండూ ఎందుకో చెప్పడానికి రెండు తేదీలు చాలు. 1995 సెప్టెంబరులో ధన్‌బాద్ దగ్గర గజ్లీటాండ్ గనిలోకి, కుండపోత వానకి పొంగిన కత్రీ ఏరు జొరబడింది. అరవైనలుగురు తిరిగి రాలేదు. 2003 జూన్ 16న మా గోదావరిఖనిలోనే, 7 ఎల్.ఇ.పి. గనిలో, పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి పదిహేడుమంది పోయారు.

మావారు ఆ గని కాదు. అయినా ఆ రాత్రి మా లైన్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. అందరం మెట్లమీద కూర్చున్నాం. ఎవరిల్లు ఏది అన్న తేడా లేదు. ఎప్పుడో కురిసి, నేలలోకి ఇంకి, అందరూ మరిచిపోయిన వాన కూడా ఒకరోజు వరదవుతుందని ఇరవైరెండేళ్ళ కొత్త కోడలికి ఆ రాత్రి అర్థమైంది. అప్పటినుంచీ మావారు మ్యాపుమీద గీత గీస్తుంటే టీ తెచ్చి పక్కన పెడతానే గాని మాట్లాడించను. ఆ గీత సరిగ్గా వుండటంమీద ఎన్ని ఇళ్ళ అన్నం ఆధారపడిందో నాకు తెలుసు.

అన్నట్టు, 2019 నుంచి ఆడవాళ్ళు కూడా భూగర్భ గనిలో పనిచేయవచ్చని ప్రభుత్వం అనుమతించింది. మా ఎదురింటి అమ్మాయి మైనింగ్ డిప్లొమా చదువుతోంది. "గీ పిల్ల దిగుతదట బాయిలకు!" అని వాళ్ళమ్మ మొత్తుకోని రోజు లేదు. మొన్న నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "మీరు కథలు రాస్తరు గద, నలుగురు తెలుస్తరు. దీనికో పిలగాన్ని చూడుండ్రి. కట్నం సంగతి తర్వాత. రెండో షిఫ్టునాడు వానొస్తే, పదకొండు దాకా నిద్రపోకుండ అన్నం మీద మూతపెట్టి కూసునేటోడై ఉండాలె."

వెతుకుతున్నాను. మీ ఎరుకలో ఎవరైనా వుంటే చెప్పండి.