మా ముదుసలి కారు

మా యింట నొక మోటారుకారు గలదు. అది 1998వ సంవత్సరపు మారుతి 800. పుట్టినది హర్యానాలోని గుర్గావైనను, నంబరు ఏపీ 16తో మొదలగుటచే పెరిగినది కృష్ణాజిల్లాయని చూచినవారెల్లరు నెఱుగుదురు. ఆ జాతి కార్లు 1983 మొదలు 2014 వఱకు తయారయ్యెను. ఇప్పుడు కొత్తవి లేవు. పదునైదేండ్లు నిండిన పిమ్మట రిజిస్ట్రేషను మఱల చేయించి, ఐదేసి యేండ్ల చొప్పున దాని యాయువును పొడిగించుకొనుచు వచ్చితిమి. “ఇంకను దీనిని విడువరా?” యని ఉపాధ్యాయుల గదిలో మమ్ము పరిహసించువారు లేకపోలేదు.

వారెఱుగని సంగతి యొకటి గలదు. మా తల్లిగారు దివిసీమలో నాగాయలంక చెంత నొక పల్లెయందు నివసించుచున్నారు. తుంటి యెముక విఱిగి యతికిన పిమ్మట ఆమె బస్సు మెట్టెక్కలేరు. నెల కొకసారి బందరు వైద్యునొద్దకు రావలెను. ఈ కారు ముందుసీటు, ఆమె మొదట కూర్చుండి పిదప కాళ్లు లోనికి త్రిప్పుకొనుటకు సరిగా సరిపడు నెత్తులో నున్నది. ఒక మిత్రుని యెత్తైన కొత్తకారులో నామెను కూర్చుండబెట్టుటకు మేము పడిన పాట్లు వ్రాసిన నదియే యొక వ్యాసమగును.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటెను. కోసిన వరి తడిసి, రైతులు రోడ్లమీదనే ధాన్యము నెండబెట్టుకొనుచున్న దినములవి. ఆ తరువాతి వారము అమ్మను తోడితెచ్చుటకై యవనిగడ్డ మీదుగా వెళ్లితిమి. దివిసీమ, భూగోళము చదివిన మా విద్యార్థులు చెప్పగలిగినట్లు, కృష్ణ చీలికలకును సముద్రమునకును నడుమనున్న నేల. ఎటునుండి ప్రవేశించినను నీటిని దాటవలసినదే. తిరుగుప్రయాణమున పులిగడ్డ యొద్ద వంతెనకు ముందున్న యెత్తు నెక్కునప్పుడు ఇంజను పెద్దపెట్టున నఱచెను. బండి మాత్రము నడకను పెంచదయ్యెను. ఏదో కాలిన కంపు కొట్టెను. వంతెన దిగి సమతలమునకు రాగానే యెప్పటివలె పరుగెత్తెను.

“ఏమిటిరా, బండి అరుస్తోందే గాని లాగటం లేదు!” అని అమ్మ యనిరి.

ఆ మాటను మేము లక్ష్యపెట్టలేదు. దానిని లక్ష్యపెట్టియుండిన నీ వ్యాసమునకు అవసరమే లేకపోవును.

తుపాను వెంటనే వచ్చిన జబ్బు గనుక తుపానువలన వచ్చినదే యని తలంచితిమి. ఇంజనులోనికి నీరు పోయినదేమో యని యూహించి, పట్టణమున నొక షెడ్డునకు తీసికొనిపోతిమి. వారు బానెటు తెఱచి, ఇంజను నొకమారు ఱొప్పించి విని, “బలం తగ్గిపోయిందండీ. ఇంజను విప్పి బోరింగు చేయించాలి, పిస్టన్లు మార్చాలి” అనిరి. చెప్పిన లెక్క నలువది వేల రూపాయలు. బండిని తెగనమ్మినను అంత వచ్చునో రాదో! అమ్మ రెండవకంటి శస్త్రచికిత్సకై దాచిన సొమ్ము తప్ప మాయొద్ద వేఱొకటి లేదు. ఆ రాత్రి ఆ సొమ్మును లెక్కించి మఱల పెట్టెలో నుంచితిమి. రెండు దినము లెవరితోడను మాటాడలేదు.

గుడివాడలో మా పాతశిష్యు డొకడు కార్లు బాగుచేయునని వింటిమి. భౌతికశాస్త్రమున మాచేత తఱచు చీవాట్లు తినినవాడు. పెడన, గుడ్లవల్లేరు మీదుగా మెల్లగా బండిని నడిపించుకొని పోతిమి. దారి యంతయు బల్లపరుపు గనుక బండి యే చిక్కును పెట్టలేదు. డెల్టాలో కొండలు లేవు. ఇట్టి జబ్బు వంతెనలయొద్ద తప్ప బయటపడదని తరువాత తెలిసినది.

అతడు బానెటు తెఱవలేదు. మమ్ము కూర్చుండబెట్టి టీ తెప్పించి ప్రశ్నలు వేసెను. “ఎప్పుడు అరుస్తోంది మాస్టారూ? ఎత్తెక్కేటప్పుడా, ఎప్పుడూనా? అరిచినప్పుడు వేగం పెరుగుతోందా? కంపు ఎలాంటిది?” మేము చెప్పినదంతయు విని, “అయితే ఇంజనుకి బలం ఉన్నట్టేగా! బలం లేని ఇంజను మూలుగుతుందండీ, అంత పైకి అరవదు. పుట్టిన బలం చక్రాల దాకా రావటం లేదు” అనెను. అమ్మ మాటయే!

పిదప నొక పరీక్ష చేసి చూపెను. చేతిబ్రేకు బిగించి, చక్రములకు చెక్క లడ్డుపెట్టి, ఇంజను నడుచుచుండగా నాలుగవ గేరు వేసి, క్లచ్చిని మెల్లగా వదలెను. క్లచ్చి పట్టు గలదైనచో ఇంజను వెంటనే ఆగిపోవలెను. మా ఇంజను హాయిగా తిరుగుచునే యుండెను. తోడనే తాళము త్రిప్పి యార్పెను. ఈ పరీక్ష నెక్కువసేపు చేసినచో ఉన్న ప్లేటు కూడ మాడిపోవునట.

“కేబులు ఎవరు బిగించారు మాస్టారూ?” అని యడిగెను.

మేమే. ఏడాది క్రిందట వెనుకగేరు పడునప్పుడు కరకరమను చప్పుడు వచ్చుచుండగా, క్లచ్చికేబులు చివరనున్న మరను రెండు చుట్లు బిగించితిమి. చప్పుడు పోయినది. ఇంటివారియొద్ద కొన్నాళ్లు గొప్పలు చెప్పుకొంటిమి. కేబులు వదులైనచో క్లచ్చి పూర్తిగా విడువదు, గేరు కరకరలాడును. బిగువైనచో పూర్తిగా పట్టదు, జాఱును. పెడలు త్రొక్కినప్పుడు మొదట నొక వ్రేలి వెడల్పుమేర బరువు లేకుండ దిగవలెను. ఆ వదులు లేనిచో లోపలి బేరింగు స్ప్రింగు వ్రేళ్లను సదా ఒత్తుచుండును; మనము కాలు తీసినను క్లచ్చిదృష్టిలో తీయనట్లే. అంతేకాదు, ప్లేటు అరుగుకొలది ఆ వ్రేళ్లు బేరింగువైపునకు జరుగును గనుక వదులు తనంతట తానే తగ్గుచు పోవును. నాడు సరిపోయిన బిగువు నేడు మితిమీఱును. ముప్పదేండ్లుగా ఘర్షణబలమును గూర్చి నల్లబల్లపై బొమ్మలు వేసినవారము, మా కారులోని ఘర్షణను మేమే చంపుకొంటిమి. మా శిష్యుడు నవ్వలేదు. అది వాని సంస్కారము.

గేర్‌బాక్సు దింపి చూడగా ప్లేటు అద్దమువలె మెఱయుచుండెను. ప్లేటు, ప్రెషరుప్లేటు, బేరింగు మూడును మార్చెను. తుప్పుపట్టిన కేబులును కూడ మార్చుచు, “సముద్రపు గాలి తగిలే బండ్లన్నిటికీ ఇంతేనండీ. తొడుగులో తీగ పట్టేస్తుంది” అనెను.

కథ యంతటితో ముగిసినదనుకొంటిమి. కాని నిలిచియున్నప్పుడు ఇంజను చలిజ్వరము వచ్చినవానివలె వణకుచుండెను. అతడు దానిని ముందే గమనించెనట. “ఇది వేరే జబ్బు మాస్టారూ. రెండూ కలిసి ఉండబట్టే వాళ్లు పొరబడి ఉంటారు” అనెను. పరులను నిందింపకుండ వారి పొరబాటునకు కారణము వెదకుట మాకు నచ్చెను.

ఈ ఇంజనునకు మూడే సిలిండర్లు. ఒక్కటి మందగించినను మూడవవంతు బలము పోవును. ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా విడదీసి చూచెను. మొదటిది తీసినప్పుడు ఇంజను కుంటెను, మూడవదానికిని కుంటెను. నడిమిది తీసినను తేడా లేదు, దోషము దానిలోనే. ప్లగ్గు మార్చినను మారలేదు. తరువాత ప్లగ్గు రంధ్రమున నొత్తిడికొలత నమర్చి యింజనును త్రిప్పగా, నడిమి సిలిండరున ఒత్తిడి తక్కిన రెంటికంటె చాల తక్కువగా నుండెను. ఇచ్చట మా గుండె జాఱెను. బోరింగు తప్పదు కాబోలు!

అతడొక చెంచాడు నూనెను రంధ్రములో పోసి మఱల కొలిచెను. రింగు లరిగియుండినచో నూనె ఆ సందులను కప్పి ఒత్తిడి పెరుగవలెను. పెరుగలేదు. కావున రింగులు కావు, వాల్వులో, గాస్కెట్టో. పొగ తెల్లగా లేదు, రేడియేటరు నీరు తఱుగుట లేదు. పైమూత విప్పి చూడగా ఒక వాల్వునకు రాకరు మర బిగిసి, ఉండవలసిన సందు బొత్తిగా లేదయ్యెను. వాల్వు పూర్తిగా మూసికొనకుండుటచే గాలి తప్పించుకొనుచున్నది. ఇంజను చల్లారిన పిమ్మట పలుచని ఇనుపరేకుతో సందు చూచి మరను సరిచేసెను. వణకు తగ్గెను. “ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపితే వాల్వు మాడిపోయేది” అని చేతులు తుడుచుకొనెను.

మొత్తము మీద మొదట వారు చెప్పిన లెక్కలో నాలుగవవంతు కూడ కాలేదు. వెనుక ఆయిలుసీలు నుండి యొక్కొక చుక్క దిగుచున్నదని, అది ప్లేటుమీద పడిన మఱల జాఱుననియు, మూడు నెలల కొకసారి చూపుమనియు చెప్పి పంపెను. మా కూలిలెక్కలో తగ్గింపు చేయబోగా మేము వలదంటిమి. కొంతసేపు వాదులాటయైనది. ఆ వాదమున మేమే గెలిచితిమి. నాటి మా గెలుపు అదియొక్కటే.

కంటి శస్త్రచికిత్స సంక్రాంతి దాటిన పిమ్మట జరిగెను. అమ్మను తీసికొని వచ్చునపుడు పులిగడ్డ యొద్ద ఎత్తు మొదలు కాగానే ప్రాణములు చెవులలో పెట్టుకొని విననారంభించితిమి. ఇంజను తన మామూలు గొంతుతోనే పైకెక్కెను. అమ్మ యేమనునో యని ప్రక్కకు చూచితిమి. కిటికీకి తల చేరవైచి నిద్రించుచుండిరి.