పొగమంచు కొండలకు మూడేసి పేర్లు

పోయిన ఆదివారం హోసూరు పక్క మన తెలుగు తరగతిలో జరిగిన సంగతి ఇది. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

"మీకు తెలిసిన ఒక కొండ బొమ్మ గీసి, పేర్లన్నీ తెలుగులో రాయండి" అని పిల్లలకు పని ఇచ్చినాం. తొమ్మిదో తరగతి పాప ఒకతె ఈ భూమ్మీదే లేని కొండలు గీసుకొచ్చింది. టోల్కీన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని మిస్టీ మౌంటెన్స్. పైన 'పొగమంచు కొండలు' అని తానే తెలుగు చేసి రాసింది. ఊరి చుట్టూ ఇన్ని గుట్టలుంటే లేని కొండలెందుకమ్మా అని మేము నవ్వినాం. "వీటికీ మన గుట్టల మాదిరే మూడేసి పేర్లుండాయి అక్కా" అనింది. మేము నవ్వు ఆపి కూర్చున్నాం.

ఆ కొండల వరుస ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా, గోడ కట్టినట్టు ఉంటుంది. తూర్పున ఆండుయిన్ అనే పెద్ద నది, దాని అవతల మిర్క్‌వుడ్ అడవి. పడమట ఎరియడార్ సీమ, కొండల మొదట్లో ఒక లోయలో రివెండెల్. దక్షిణాన ఆ వరుస రోహన్ సందు దగ్గర ఆగిపోతుంది. దాటేవాళ్లకు రివెండెల్ పైన ఒక కనుమ, ఇంకా దిగువన కరాద్రస్ శిఖరం పక్కన ఒక కనుమ. కథలో కరాద్రస్ దగ్గర మంచు దారి మూసేస్తే, వాళ్లు కొండ కిందుగా మోరియా గుహల్లో పడి పోతారు. పడమటి వాకిలి నుంచి తూర్పు వాకిలికి నేరుగా లెక్కేసినా 40 మైళ్లకు తగ్గదు. మనం హోసూరులో బయలుదేరి కృష్ణగిరి దాటి పోయేంత దూరం, అంతా చీకట్లో!

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో భాషల పండితుడు. ముందు భాషలు కల్పించుకొని, ఆ భాషలు మాట్లాడేందుకు ఒక లోకం కావాలని కథలు రాసినట్టు ఆయనే చెప్పుకున్నాడు. 1911లో, పంతొమ్మిదేళ్ల వయసులో, స్విట్జర్లాండ్ కొండల్లో కాలినడకన తిరిగినాడు. అక్కడి సిల్బర్‌హార్న్ శిఖరమే తర్వాత కథలో వెండి కొన అయింది.

ఇప్పుడు పేర్ల సంగతి. మోరియా మీద మూడు శిఖరాలు. ఎర్రకొమ్మును ఎల్ఫులు కరాద్రస్ అంటారు, డ్వార్ఫులనే పొట్టి జాతి వాళ్లు బరజిన్‌బార్ అంటారు. వెండి కొన కెలెబ్‌దిల్, వీళ్లకు జిరాక్‌జిగిల్. మబ్బుతల ఫనూయిదోల్, వీళ్లకు బుందుషాతూర్. మోరియా వీళ్ల పాత రాజ్యం, ఖజాద్-దూమ్. అక్కడి నుంచి వీళ్లను తరిమేసి ఎన్నో తరాలైంది. బయట అందరి భాషా మాట్లాడతారు, తమ భాష తమలోనే ఉంచుకుంటారు. గింలి అనే డ్వార్ఫు ఆ శిఖరాలను అంతకుముందు ఒక్కసారే, అదీ దూరం నుంచి చూసి ఉంటాడు. అయినా మూడింటినీ గుర్తుపట్టి పేర్లు చెప్తాడు.

"అయితే మనమే ఆ డ్వార్ఫులం" అన్నారు మాలో ఒకాయన. మాకు అది ఒప్పుదల కాలేదు. మనల్ని ఎవరూ తరమలేదు, మనం ఎక్కడికీ పోలేదు. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు చేసినప్పుడు హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీత అటు పక్క పడింది, మనం ఉన్నచోటే ఉన్నాం. పాప ఊరుకోలేదు. అదే లోకంలో నాందోర్ అనే ఎల్ఫులున్నారంట. పడమటికి పోయే తమ వాళ్లతో ఈ కొండల దాకా వచ్చి, వీటిని చూసి వెనుదీసి, నది వెంబడి దక్షిణానికి మళ్లినారు. కొండకు ఇటు ఉండిపోయిన వాళ్ల మాట వేరే దారి పట్టింది. మన మొరసునాడు తెలుగు విని అటు చుట్టాలు ముసిముసిగా నవ్వుతారే, అది గుర్తొచ్చింది మాకు.

పాప చెప్పిన ఇంకొక సంగతి మమ్మల్ని వదలడం లేదు. ఎల్ఫుల రాణి గలాద్రియెల్ దగ్గరికి గింలి పోతాడు. ఆ రెండు జాతులకూ పాత వైరం. ఆమె మోరియా అందాన్ని పొగుడుతూ అక్కడి చెరువు పేరు, ఖెలెద్-జారమ్ అని, అతని భాషలోనే పలుకుతుంది. అంతే, అతని మనసు కరిగిపోతుంది. మా ఊరి పాత అయ్యవారొకరు తమిళాయన. రిటైరై పదేళ్లైనా మా గుట్టను 'కోతిగుండు' అనే అంటారు. మా పిల్లలు మాత్రం 'క్వారీ హిల్' అంటున్నారు.

అవును, క్వారీ. మన జిల్లాలో గ్రానైట్ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మా ఊరి గుట్టలో ఒక పక్కంతా కోసేసినారు. తరగతి అయినాక పాపను తీసుకొని మా వీధి అవ్వ దగ్గరికి పోయినాం. ఒక్క గుట్ట మీదే అవ్వ పదకొండు పేర్లు చెప్పింది. దొన, చరియ, మెట్ట, బండ, దేనికదే పేరు. అందులో మాకు తెలిసినవి మూడు. తాబేటిబండ, ఇంకా దాని పైనున్న జంటగుండ్లు ఇప్పుడు లేవు, అక్కడ నీళ్లు నిలిచిన గుంత ఉంది. అవ్వ మాత్రం "తాబేటిబండ కాడ తిరుక్కోండి" అనే దోవ చెప్తుంది. లేని బండను పటంలో ఎట్ల గీయాలని పాప అడిగింది. చుక్కలతో గీయమన్నాం. అవ్వ పటాన్ని దగ్గరికి తీసుకొని, "చుక్కలేంటికి, గట్టిగా గీయి" అనింది. పాప చెరిపి గట్టిగానే గీసింది.

పటం సంఘం హాలులో గోడకుంది. తెలుగు, తమిళం, కన్నడం, మూడు వరుసలు పెట్టినాం, చానా గళ్లు ఖాళీగా ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీ ఊరి గుట్ట గురించి అడిగి రాసుకొని రండి. వచ్చే ఆదివారం అవ్వను హాలుకు పిలుచుకొస్తున్నాం. పదైతే ఆమెకు ఓపిక ఉండదు, తొమ్మిదికే రండి. పెన్సిల్ తెచ్చుకోండి.