మైక్రోకంట్రోలరు విద్యకు మా తొలి గురువు

మాలోఁ గొందఱము బందరువారము, కొందఱము గుడివాడవారము, కొందఱము దివిసీమనుండి వచ్చినవారము. మైక్రోకంట్రోలరను చిన్ని గణకయంత్రమునకుఁ బ్రోగ్రాము వ్రాయ నేర్వవలెనని మాకందఱకును గోరిక గలిగెను. గ్రంథములు పెక్కులున్నను, అవి చాలవఱకు ఆంగ్లముననే యుండుటచే, ఏది ముందు చదువవలెనో తెలియక కొందఱు విరమింపఁ జూచిరి.

మాకు దారి చూపినది 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమునఁ బుట్టిన ఆర్డ్యునో పలక. దాని సాఫ్ట్‌వేరుతోడనే యుదాహరణ ప్రోగ్రాములు ఉచితముగా లభించును. అందు ‘బ్లింక్’ అనునది పలకమీది దీపము నొక సెకను వెలిగించి, యొక సెకను ఆర్పును. అందలి 1000 అనఁగా వేయి మిల్లీసెకనులు. దానిని 200 చేసినచో దీపము వడివడిగా మినుకుమనును. ఒక్క యంకె మార్చి ఫలమును గన్నులారఁ జూచుటయే మాకుఁ దొలి పాఠమయ్యెను. వందల పుటల డేటాషీటును మొదటనే తెఱవక, సందేహము గలిగినపుడు కావలసిన పుటను మాత్రమే చూచితిమి.

దివిసీమకు సముద్రము చేరువ గాన, కాలువ చివరి పొలములకు ఉప్పునీటి బెడద గలదు. ఉప్పు హెచ్చినకొలఁది నీట విద్యుత్తు సులభముగాఁ బ్రవహించును. దానిని గొలుచు పరికరమును జేయవలెనని మా యాశ. ఆంగ్లమునకు వెఱచి యెవరును ఈ విద్య మానరాదని, నేర్చినదెల్లఁ దెలుగున నొక నోటుపుస్తకమున వ్రాయుచున్నాము. చిన్న తరగతుల సోదరసోదరీమణులారా, పెద్ద గ్రంథమునకై వేచియుండక ముందు దీపమును వెలిగింపుఁడు!