మందు మహిమయా, వ్యాధి స్వభావమా?

దేహమును కాపాడవలసిన శక్తియే మెదడు, వెన్నుపాములలోని నరముల పైపొరను చెరచు వ్యాధిని మల్టిపుల్ స్క్లెరోసిస్ అందురు. ఇది పురుషులకంటె స్త్రీలకే అధికము. అమెరికాలోనున్న మా చెల్లెలికిని వచ్చినది. నాల్ట్రెక్సోన్ అను మందును స్వల్పమోతాదున పుచ్చుకొన్నచో గుణమిచ్చునని తోడి రోగులు ఆమెకు బోధించిరి.

హెరాయిన్ వంటి మత్తుల వ్యసనమును మాన్పుటకు ఆ మందు 1984లో అచట అనుమతి పొందినది. ఈ వ్యాధికి నేటికిని అనుమతి లేదు. వ్యసనమునకు దినమునకు 50 మిల్లీగ్రాములు. వీరు పుచ్చుకొనునది 4.5 మాత్రమే. 60 మంది కడవరకు నిలిచిన కాలిఫోర్నియా పరీక్షాఫలితములు 2010లో వెలువడినవి. మనస్సునకు కొంత నెమ్మది కలిగెను గాని దేహస్థితిలో మార్పు కానరాలేదు.

ఈ వ్యాధి చాలమందికి తనంతట పెచ్చుపెరిగి తనంతట తగ్గుచుండును. తగ్గిన నెలలో మ్రింగినదెల్ల అమృతమువలె తోచును. నడక తడబడు చెల్లెలితో ఆశపడవలదని మేమెట్లు చెప్పగలము? చెప్పినవి రెండే. వైద్యునికి తెలుపక మ్రింగవలదు. మార్ఫిన్ వంటి నొప్పిమందులు వాడువారికి ఇది ప్రమాదకరము. వాడుచున్న మందును మానవలదు. పైకి కానరాకయే వ్యాధి ముదురవచ్చును.

ఆమె యింకను తేల్చుకొనలేదు. తేల్చుకొనుట ఆమె హక్కు. దాపరికము లేకుండ తేల్చుకొనవలెనన్నదే మా కోరిక.