కిటికీకి కుచ్చులు ఎవరి కోసం?

పాత సినిమా హాళ్ళు గుర్తున్నాయా మీకు? లేకపోతే మీ అమ్మానాన్నల్ని అడగండి. ఆట మొదలయ్యే ముందు రంగు దీపాల వెలుగులో, సంగీతం వినబడుతుండగా, కుచ్చులు కుచ్చులుగా పైకి లేచే ఆ శాటిన్ తెర! మన ఇళ్ళలో కర్టెన్ పైన, కడ్డీని కప్పుతూ వేలాడే పట్టీ ఆ తెరకి దూరపు చుట్టమే. ఇంగ్లీషువాళ్ళు వాలెన్స్ అంటారు. మన టైలర్లకి అది ఫ్రిల్లు. చెక్కతో చేస్తే పెల్మెట్.

ఇంత చిన్న పట్టీకి ఓ వ్యాసమా అంటారేమో. నాకు మాత్రం ఈ వేసవిలో అదే పెద్ద సమస్యై కూర్చుంది.

మా అమ్మ కాలు విరిగి మంచాన పడింది. ఊరినుంచి హైదరాబాదులో నా అద్దె ఇంటికి తీసుకొచ్చాను. పడుకున్న చోటినుంచి ఆమెకి కనబడేదల్లా 4 అడుగుల కిటికీ, దానిపైన తుప్పు పట్టిన ఇనుప కడ్డీ. "రోజంతా ఆ కడ్డీనే చూడాలట్రా?" అంది.

షూటింగులకి వెళ్ళే పనిలో నేను గమనించింది ఒకటుంది. సెట్టింగులో కిటికీ అవతల ఆకాశం వుండదు. రంగులు వేసిన గుడ్డా, దానిమీద పడే లైట్లూ వుంటాయి. కెమెరా ఎక్కడ పెడతారో తెలుసుకున్నాకే కర్టెన్లు కడతారు. ఫ్రేములోకి రాని కిటికీకి కుచ్చులు దండగ! మరి ఇంట్లో కెమెరా ఎక్కడ? మా ఇంట్లో అమ్మ తలగడ మీద.

కొట్టతను జరీ అంచున్న శాటిన్ చూపించాడు. 16 అంగుళాల లోతు. "హీరోగారింట్లో వేసేది ఇలాంటిదే సార్!" అన్నాడు. నిలబడి చూస్తే దర్జాగానే వుంది. కాని ఫ్రిల్లు కర్టెన్ పొడవులో అయిదోవంతో, ఆరోవంతో వుంటేనే అందం. 4 అడుగులకి 8 అంగుళాలు చాలు. అంతకన్నా ముఖ్యం, పడుకుని చూసేవాళ్ళకి ఆకాశం కనబడేది కిటికీ పైభాగంలోనే. సరిగ్గా దాన్నే మనం గుడ్డతో మూసేస్తాం! కడ్డీని ఇంకాస్త పైకి బిగిద్దామంటే, గోడకి కొత్త రంధ్రం పడితే ఊరుకోనన్నారు ఇంటివారు.

అప్పుడు తట్టింది లేసు. కప్పినట్టూ వుంటుంది, ఆకాశమూ పోదు.

అమ్మది నరసాపురం దగ్గర పల్లె. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన విద్య ఈ లేసు అల్లకం. అక్కడి ఆడవాళ్ళ కష్టం మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఓ పుస్తకమే వేశారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ 30 ఏళ్ళు అల్లింది. బల్లగుడ్డలూ, దిండు గలీబులూ అన్నీ ఓడలెక్కి పోయాయి. ఆ కూలి డబ్బులే నా బి.ఎ. ఫీజులు. మా ఇంటి కిటికీకి మాత్రం ఎప్పుడూ పాత చీర ముక్కే!

నరసాపురం నుంచి తెల్ల లేసు పట్టీ తెప్పించాను. కిటికీ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు. పైన కడ్డీ దూర్చడానికి నేతగుడ్డ మడత కుట్టించాను. తెల్లలేసుకి తుప్పు మరక పడితే వదలదు కనుక ముందు కడ్డీని గరుకు కాగితంతో రుద్ది రంగు వేశాను. లైనింగు వెయ్యలేదు. వెనకనుంచి వెలుగొస్తేనే లేసులో పువ్వు కనబడుతుంది, చూపు మందగించిన కళ్ళకి సైతం.

కొత్తగా కాపురాలు పెట్టబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొట్టుకి వెళ్ళేముందు ఆ కిటికీని ఎక్కువసేపు చూసేవాళ్ళ మంచం మీద ఓసారి పడుకుని చూడండి. ఏ రంగు, ఎంత పొడుగు అన్నది అక్కడ తేలుతుంది.

కట్టేముందు పట్టీని అమ్మ చేతికిచ్చాను. "అందం కొరుక్కు తింటామా? ఎందుకురా ఖర్చు?" అంటూనే వేళ్ళతో అంచంతా తడిమింది. "ఈ పిల్లది బిగువు చెయ్యి. పువ్వు దగ్గర కాస్త వదలాలి" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం కాఫీ ఇస్తుంటే కిటికీవైపు చూస్తూనే చెప్పింది: "ఉతికేటప్పుడు పిండకు. దుప్పటి మీద పరిచి ఆరబెట్టు. తీగమీద వేశావంటే సాగిపోతుంది."