కొయ్యపిస్తోలుకు తోలు ఒర

1971లో విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రం నాటినుండి తెలుగువారికి కౌబాయ్ వేషం కొత్త కాదు. కళాశాల వార్షికోత్సవానికి అటువంటి నాటిక నొకదానిని ప్రదర్శింప నిశ్చయించినపుడు కొయ్యపిస్తోలు సులభంగానే సిద్ధమైంది. ఒర మాత్రం దొరకలేదు. అట్టతో చేసి రంగు పూద్దామన్నారు కొందరు మిత్రులు. మేము తోలుతోనే చేయ సంకల్పించాము.

సినిమాలలో ఒర తొడమీదకు జారి వేలాడుతుంది. అది తెరకోసం పుట్టిన సొగసు. 1870, 1880 దశకాలలో అమెరికా పశువుల కాపరుల ఒర నడుముననే ఉండేది. నేడు మెక్సికన్ లూప్ అని పిలిచే ఆ పద్ధతిలో అంతా ఒకటే తోలుముక్క. వెనుక భాగాన్ని వెడల్పుగా వదలి మడచి, అందులో కోసిన పట్టీలగుండా ఒరను దూర్చేవారు. నడికట్టు ఆ మడతలోంచి పోయేది. ఆ పొందిక మమ్ములను ముగ్ధులను చేసింది.

ఏ తోలైనా ఈ పనికి చెల్లదని మాకు తెలిపినది బజారు మలుపులో చెప్పులు కుట్టే వృద్ధుడు. క్రోముతో పదును చేసిన మెత్తని తోలు ముద్రను నిలుపుకోదు. చెట్టుబెరడుతో పదును చేసినదే కావాలి. అమెరికాలో ఇందుకు ఓక్, హెమ్లాక్ బెరడు వాడారు. మన దక్షిణదేశంలో తంగేడు బెరడు, కరక్కాయ. బతుకమ్మ పూవుగానే మేమెరిగిన తంగేడుకు ఇంత ప్రజ్ఞ ఉన్నదన్నమాట!

చందాలు పోగుచేస్తే ఒక్క ముక్కకే డబ్బు సరిపోయింది. “తోలుమీద గీత పడితే పడినట్టే బాబూ, పెన్సిలు గీత గాదు” అన్నాడు తాత. కనుక ముందు కాగితం కత్తిరించి పిస్తోలుకు చుట్టి చూశాము. తోలును తడిపి, దాని సహజవర్ణం తిరిగి రాబోతుండగా, కత్తితో సగం మందం మించకుండా పూలతీగ గీశాము. గీత పక్కన పనిముట్టు నిలిపి కొయ్యసుత్తితో మెల్లగా కొట్టగా నేల అణగి పూవు పైకి లేచింది. ఆ క్షణంలో కలిగిన ఆనందం పరీక్షాఫలితాలనాడు కూడా ఎరుగము.

అలా అరుగు పక్కన కూర్చున్న మమ్ము చూసి, చదువుకునే పిల్లలకు ఇదేం పనియని దారిన పోయేవారు నవ్వారు. తాత తల ఎత్తలేదు. ఆయన మనుమడు మా తరగతివాడేనని మూడవరోజున తెలిసింది. మూడేళ్ళుగా మాతో చదువుతున్నవాడు ఇంటి వృత్తిని ఒక్కనాడూ ప్రస్తావించలేదు. మేమూ అడుగలేదు.

మరునాడు కుట్టు. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసల రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలో రెండూ ఎదురెదురుగా దాటాలి. ఒక పోగు తెగినా రెండవది పట్టి ఉంచుతుంది. సగానికి వచ్చేసరికి అతడు వచ్చి కొంతసేపు నిలబడ్డాడు. తరువాత చొక్కాచేతులు మడచి మా ఎదుట కూర్చుని రెండవ సూది అందుకున్నాడు.

కుట్టు ముగిశాక ఒరను నీట నానబెట్టి, ప్లాస్టిక్ చుట్టిన కొయ్యపిస్తోలును దూర్చి, వేళ్ళతో ఒత్తి నీడన ఆరబెట్టాము. ఎండలో పెడితే పెళుసెక్కుతుందట. రెండు రోజులకు ఆకృతి గట్టిపడింది. నాటికనాడు ఒరను దగ్గరగా చూసినవారు పూలతీగను మెచ్చుకున్నారు. అడుగుసగం కుట్టు పైసగం కన్న సూటిగా ఉన్నదని గమనించినది తాత ఒక్కడే.