అవ్వకు బాకీ ఉన్న జున్ను

దీపావళి సెలవులకు మదురై నుంచి కోయంబత్తూరుకు అవ్వ ఇంటికి పోతూ బస్‌స్టాండులో నుంచి ఫోన్ చేశాను. "అవ్వా, ఈసారి కజ్జాయంలోకి జున్ను తెస్తుండా!" అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నిజంగానా? ఎవరింట్లో ఆవు ఈనింది?" అని అడిగింది. హారన్ల గోలలో సరిగ్గా వినబడక "ఊఁ" అనేశాను. తప్పు అక్కడే జరిగింది.

కజ్జాయాన్ని మీలో కొందరు అరిసె అంటారు. మా నాన్న అధిరసం అంటారు. నాన్నది తమిళ ఇల్లు, అమ్మది తెలుగు ఇల్లు. మాట్లాడే తెలుగు అవ్వ దగ్గర నేర్చుకున్నాను, రాసే తెలుగు మన డిపార్ట్‌మెంటులో. నిఘంటువులో చీజ్‌కు జున్ను అని ఉంది. అచ్చమైన తెలుగు మాట దొరికిందని మురిసిపోయి అదే వాడాను.

అసలు ఈ ఆలోచన హాస్టల్లో పుట్టింది. ఎవరో తెచ్చిన కొడైకెనాల్ చీజ్‌ను బెల్లం ముక్కతో తిన్నాను. ఉప్పగా, కొంచెం పుల్లగా ఉండి బెల్లానికి భలే కుదిరింది. కజ్జాయంలో బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నూనె అన్నీ ఉంటాయి. లేనిది ఉప్పూ పులుపే. పనీరులో ఆ రెండూ లేవు. మొజరెల్లా మెత్తన, బస్సులో ఐదారు గంటలు ఆగదు. అందుకని గట్టిగా ఉండే గౌడా, చెడార్ కొన్నాను. కొన్ని చీజ్‌లకు పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అవ్వ శనివారం నీచు ముట్టదు. అందుకని ప్యాకెట్టు మీద పచ్చ చుక్క ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ఇంత జాగ్రత్త పడ్డాను గానీ, మాట దగ్గర పడలేదు.

ఇంటికి చేరేసరికి అవ్వ గిన్నె కడిగి పెట్టింది. మిరియాలు, యాలకులు దంచి, బెల్లం తరిగి సిద్ధంగా ఉంచింది. నేను న్యూస్‌పేపర్లో చుట్టిన రెండు పసుపుపచ్చ ముక్కలు చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "ఇది జున్ను కాదే" అంది. అంతే. కోప్పడలేదు. దంచిన పొడిని కాగితంలో పొట్లం కట్టి డబ్బాలో పెట్టేసింది. ఆ పొట్లం కట్టడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

జున్నంటే ఈనిన ఆవు తొలి పాలతో చేసేది. బెల్లం కలిపి ఆవిరి మీద పెడితే తనంతట తానే గట్టిపడుతుంది. అవ్వ వాళ్ల ఆవును అమ్మేసి పన్నెండేళ్లయింది. ఆ తర్వాత ఆమె జున్ను తినలేదట. తమిళంలో జున్నుపాలకు సీంపాల్, చీజ్‌కు పాలాడైకట్టి అని వేరు వేరు మాటలున్నాయి. నేను నాన్న భాషలో చెప్పుంటే అవ్వకు ఆశ పుట్టేది కాదు.

మరుసటి రోజు అవ్వే పిలిచింది. "తెచ్చినావు కదా, తిని చూస్తాం రా." కజ్జాయం కూడా నూనె దిగి, మెత్తబడి, రెండో రోజే బాగుంటుంది. చీజ్‌ను అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పలచగా కోశాను, చల్లగా ఉంటే రుచి తెలియదు. గౌడా వెన్నలాగా బెల్లంలో కలిసిపోయింది. నాకు అదే నచ్చింది. అవ్వ మాత్రం చెడార్ ముక్క నమిలి, కళ్లు చిన్నవి చేసి, "ఇది కజ్జాయానికి ఊరగాయ మాదిరి ఉండాది" అంది. ఇంకో ముక్క అడిగింది. నేను నెగ్గానని కాదు గానీ, మనసు కొంచెం కుదుటపడింది.

"దీన్ని తెలుగులో ఏమంటారే?" అంది. "చీజే అవ్వా" అన్నాను. "మరి ఆ మాటే చెప్పరాదా!" అని నవ్వింది.

ఆ పొట్లం ఇంకా డబ్బాలోనే ఉంది. అందుకే ఈ గోడపత్రిక ముందు నిలబడి చదువుతున్న మీకు ఒక మనవి. మీ ఊళ్లో, మీ వీధిలో ఎవరింట్లోనైనా ఆవు ఈనితే సెకండియర్ క్లాసులో నాకు ఒక్క మాట చెప్పండి. ఒక చెంబెడు పాలు చాలు. పాడవకుండా బస్సులో ఎట్లా తీసుకుపోవాలో నేను చూసుకుంటాను.